రోజుకు నాలుగు నిమిషాలు ముందొచ్చే హంస

1957 నవంబరు 17, ఆదివారం. ఆళ్లగడ్డ శివారు, నంద్యాల రోడ్డు పక్కన సుబ్బారెడ్డి వేరుశనగ చేను. పంట పీకేసి ఉంది.

హాజరైనవారు: కోస్తా కాలేజీ ఫిజిక్సు లెక్చరర్ విశ్వనాథం గారు. ఆయన పని చూసి తేల్చడానికి ఉత్తరాది నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు. చేను యజమాని, పంచాయతీ ప్రెసిడెంటు సుబ్బారెడ్డి. మైకు సెట్టు బాషా. మా పై అధికారి చలపతి గారు. నేను. పిలవకుండా వచ్చినవారు: కుక్క మొరుగుడు వినడానికి వచ్చిన ఊరి జనం, సుబ్బారెడ్డి ఎద్దులు రెండు.

పై పట్టిక ఆనాటి నా డైరీలోది. నేను చిన్నప్పటి నుంచీ రోజూ డైరీ రాస్తాను. ఏమీ జరగని రోజున "ఏమీ జరగలేదు" అని రాస్తాను. ఈ ఉద్యోగంలో అలా రాసుకునే అదృష్టం తక్కువ. మా మనవడి స్నేహితులు ఇద్దరు ఇప్పుడు ఎలక్ట్రానిక్సు పనిలో చేరుతున్నారు. "తాతా, మీ కాలంలో ఈ పని ఎట్లుండేది?" అని అడిగారు. ప్రమోషన్ల సంగతి వదిలేసి అసలు పని గురించి రాస్తున్నాను.

పని అంటే ఏమిటి

అప్పట్లో పల్లెకొక రేడియో ఉండేది. పంచాయతీ ఆఫీసులో, చెక్కపెట్టెలో, తాళం వేసి. కరెంటు లేని ఊళ్లే ఎక్కువ కాబట్టి బ్యాటరీల మీద నడిచేది. నంద్యాల నుంచి బయలుదేరి గడివేముల, బండి ఆత్మకూరు, ఆళ్లగడ్డ వైపు తిరుగుతూ ఆ పెట్టెలను బతికించడమే నా ఉద్యోగం.

చేరిన కొత్తలో గడివేముల నుంచి ఫిర్యాదు వచ్చింది. వ్యవసాయ కార్యక్రమంలో కోళ్ల గురించి ఎక్కువ చెబుతున్నారు, పైరు గురించి చెప్పించండి అని. వెళ్లి పెట్టె తెరిచాను. వెనక పలక ఊడిపోయి ఉంది. లోపల వెలిగే గాజు వాల్వుల వెచ్చదనానికి ఒక కోడి గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. ఊరంతా కొన్ని రోజులుగా ఆ కోడి మాటలు శ్రద్ధగా వింటోంది.

బండి ఆత్మకూరులో నవ్వులపాలయ్యే వంతు నాకొచ్చింది. రేడియో పలకడం లేదన్నారు. మొత్తం విప్పి, భాగాలన్నీ దుప్పటి మీద పరిచి, ఒక్కొక్కటీ పరీక్షించి మళ్లీ బిగించాను. ఎక్కడా లోపం లేదు. మధ్యాహ్నానికి చలపతి గారు వచ్చారు. ఏమీ అడగకుండా చేయి చాపి శబ్దం పెంచే గుండీ తిప్పారు. రేడియో గట్టిగా పాడింది. ముందురోజు పక్కింటి బిడ్డ నిద్రపోతోందని ఎవరో గుండీని పూర్తిగా తగ్గించారట.

"అప్పా, తప్పు ఎప్పుడూ దగ్గర్నే కూచోని ఉంటాది. దగ్గరి దొంగను ఇడ్సిపెట్టి దూరపు దొంగను ఎతుకుతావేందీ?" అన్నారు.

చలపతి గారు గొప్ప అధికారి అని నేను చెప్పను. సంతకం పెట్టవలసిన కాగితం కనబడితే ఆయనకు చేయి నొప్పి వచ్చేది. ఎండలో తిరగవలసిన రోజున నడుము కూడా. కానీ ఆ ఒక్క మాట మాత్రం నాకు ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది.

కరెంటు లేని చోటు

అక్టోబరులో, దీపావళి అయిన తర్వాత విశ్వనాథం గారు గొడుగు, ఇనుప పెట్టె పట్టుకుని నంద్యాలలో మా ఆఫీసుకు వచ్చారు. సన్నటి మనిషి. మాట చాలా మర్యాద. ఎవరు ఎదురైనా, చివరికి ఎద్దు ఎదురైనా, "ఏమండీ" అనేవారు.

ఆయన చెప్పిన సంగతి ఇది. ఆకాశంలో హంస ఆకారంలో కొన్ని చుక్కలు ఉన్నాయి. ఆ వైపున, కంటికి అందనంత దూరంలో ఒక గెలాక్సీ ఉంది. మన సూర్యుడి లాంటి నక్షత్రాలు లెక్కలేనన్ని కలిసిన గుంపు అది. దాని వెలుగు మనల్ని చేరడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది. కంటికి కనబడదు గానీ రేడియోలో మాత్రం ఆకాశంలోని మహా పెద్ద గొంతుల్లో అదొకటి. రాత్రి కానక్కర లేదు, పట్టపగలు కూడా పట్టవచ్చు.

"దాన్ని నా చేత్తో చేసిన ఏరియల్‌తో పట్టి చూపించాలండీ. ప్రొఫెసరు గారి దగ్గర పరిశోధనకు ఒకే ఒక్క చోటు ఖాళీ ఉంది. వచ్చే నెల రైల్లో ఇటుగా పోతూ నా కోసం దిగుతానన్నారు. చూపిస్తే తీసుకుంటారు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇక జన్మంతా పిల్లలకు అయస్కాంతం పాఠమే చెప్పుకోవాలండీ."

"నంద్యాలలోనే పెట్టుకోరాదా?" అన్నాను.

"మిల్లుల మోటార్ల రొద ఎక్కువండీ. కరెంటు లేని చోటు కావాలి."

చలపతి గారు కుర్చీలోంచి లేచి మరీ చెప్పారు. "ఆళ్లగడ్డ పక్కకు పో సామీ. మా కాడ దండిగా దొరికేది అదొక్కటే."

నన్ను ఆయనకు సాయంగా పంపారు. నోటిమాటగానే. చేయి నొప్పి కదా.

వల, చీర, కుక్క

సుబ్బారెడ్డి చేనిచ్చాడు. వెదురు బొంగులు పాతి, వాటి మీద రాగితీగలు కట్టి, కింద కోళ్లగూళ్లకు వాడే ఇనుప వల పరిచాం. మొత్తం కొంచెం ఉత్తరానికి వాలి ఉంటుంది. పక్కన కొట్టంలో లెక్చరర్ గారి రిసీవరు. దాని ముందు గాజు డబ్బాలో ఒక ముల్లు. రొద ఎక్కువైతే ముల్లు పైకి లేస్తుంది. నేను ముల్లు చదివి చెబితే ఆయన గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోయేవారు. టైము కోసం ఆయన చేతిగడియారాన్ని రోజూ రేడియో టైముతో సరిచేసుకునేవాళ్లం.

మొదటి మధ్యాహ్నం ముల్లు పిచ్చిపట్టినట్లు ఊగింది. బయటికి వచ్చి చూస్తే సుబ్బారెడ్డి భార్య లక్ష్మమ్మ వల మీద తడి చీరలు ఆరేస్తోంది.

"అమ్మా, అది ఏరియలండీ! నక్షత్రాలు వినడానికి!" అన్నారు లెక్చరర్ గారు.

"వినుకో నాయనా, నేనొద్దన్నానా? చీర కప్పుకుంటే చుక్కలకు చెవులు మూసుకపోతాయా?"

చివరికి ఒప్పందం కుదిరింది. పొద్దున చీరలు, మధ్యాహ్నం నుంచి నక్షత్రాలు.

అంతలో రష్యావాళ్లు ఒక కుక్కను ఆకాశంలోకి పంపారన్న వార్త పేపర్లో వచ్చింది. మర్నాటి నుంచి చేను దగ్గరికి జనం. మేము పట్టేది కుక్క కాదని ఎంత చెప్పినా వినలేదు. విసిగిపోయి లెక్చరర్ గారు చెవులకు పెట్టుకునే ఫోన్లు వాళ్లకే ఇచ్చేశారు. "మనకు ముల్లు చాలండీ" అన్నారు. ఒకరి తర్వాత ఒకరు పెట్టుకుని వినేవారు.

"మొరగడంల్యా. ఒట్టి బుస్సుమంటాంది."

"ఉండు, ఉండు! టకటక అంటాంది. కుక్క పెట్టెను గోళ్లతో గీరుతాందిరా!"

"పాపం, ఆకలైతాందేమో."

సుబ్బారెడ్డి మాత్రం కుక్కను నమ్మలేదు. ఫోన్లు చాలాసేపు పెట్టుకుని, తీసి, "వేరుశనగ రేటు చెప్పడా ఈయప్ప?" అని అడిగాడు.

రెండు హార్నులు

ఒకరోజు మబ్బు పట్టి ఉరుములకు పని ఆగింది. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తింటూ కొట్టంలో కూర్చున్నాం. ఇంత పెద్ద గొంతు ఆ గెలాక్సీలో ఎక్కడి నుంచి వస్తుందని బాషా అడిగాడు. బాషాది ఆళ్లగడ్డలో మైకు సెట్టు దుకాణం. మాకు తీగలు, అతుకులు అన్నీ అతనే.

"అదే విచిత్రమండీ. గెలాక్సీ మధ్యలో ఉంది. రొద మాత్రం దానికి రెండు పక్కలా, చాలా దూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి వస్తోందని విదేశాల్లో ఈమధ్యే కనిపెట్టారు."

"అంతేనా సార్! మా మైకు సెట్టు మాదిరి. హరికథ చెప్పేటాయన గుడికాడ ఉంటాడు. హార్నులు ఊరికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి కడతాం. దూరాన ఉండేవానికి దాసుడు కనపడడు, రెండు హార్నులే ఇనపడతాయి."

లెక్చరర్ గారు బజ్జీ వదిలేసి బాషా చేయి పట్టుకున్నారు. "ఎంత బాగా చెప్పావయ్యా! కొందరు మాత్రం అక్కడ రెండు గెలాక్సీలు ఢీకొంటున్నాయంటున్నారు."

సుబ్బారెడ్డి ఒప్పుకోలేదు. "రెండు బండ్లు గుద్దుకుంటే సప్పుడు గుద్దుకున్న కాడ రావాల. ఆ ఊర్లో ఒకటి, ఈ ఊర్లో ఒకటి వస్తాదా?"

"నా బాధా అదేనండీ. కొట్టుకునేవాళ్లు మధ్యలో ఉంటే ఏడ్చేవాళ్లు అంత దూరంలో ఎందుకున్నారు?"

చాలా ఏళ్ల తర్వాత నేను చదివాను. అది ఢీకొనడం కాదట. గెలాక్సీ నడిమధ్యలో ఉండే మహా బరువైన కేంద్రకం తన చుట్టూ ఉన్నదాన్ని మింగుతూ, రెండు వైపులా సన్నని ధారలు చిమ్ముతుందట. ఆ ధారలు గెలాక్సీ దాటి ఎంతో దూరం పోయి, అక్కడ రెండు పెద్ద బుడగల్లా ఉబ్బుతాయట. రేడియో రొదంతా ఆ బుడగలదేనట. హరికథ దాసుడు మధ్యలోనే ఉన్నాడన్నమాట. ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే బాషా హార్నులతోనే చెబుతాను. అంతకంటే తేలిక దారి నాకు దొరకలేదు.

పట్టుబడిన హంస

నవంబరు మొదటి వారంలో ఒకనాడు సాయంత్రం ముల్లు మెల్లగా లేచింది. పైకి పోయి, అర్ధగంట పాటు అక్కడే ఉండి, మెల్లగా దిగింది. కాగితం మీద చక్కని గుట్ట వచ్చింది. హంస మా వల మీదికి రావలసిన వేళకు సరిగ్గా కుదిరింది.

లెక్చరర్ గారు సంతోషించలేదు. జాగ్రత్త మనిషి. "దగ్గర్లో ఏదైనా యంత్రం చేసే రొద కావచ్చండీ. దానికి ఒక పరీక్ష ఉంది" అన్నారు. మన గడియారం సూర్యుడి లెక్కన నడుస్తుంది. నక్షత్రాల లెక్క వేరు. ఏ నక్షత్రమైనా నిన్న వచ్చిన వేళ కంటే ఈరోజు నాలుగు నిమిషాలు ముందు వస్తుంది. మనుషుల యంత్రాలు గడియారం ప్రకారం వస్తాయి కాబట్టి ముందుకు జరగవు.

చుట్టుపక్కల రొద చేసేవన్నీ రాసుకున్నారు. పిండిమర, తాసిల్దారు జీపు, నంద్యాల పోయే పెట్రోలు బస్సు. బస్సు స్టాండుకు పోయి బోర్డు చూసి వచ్చారు. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఆరు అని ఉంది. మా గుట్ట ఐదింటి ప్రాంతంలోనే వచ్చింది కాబట్టి బస్సును జాబితాలోంచి కొట్టేశారు.

మర్నాడు గుట్ట నాలుగు నిమిషాలు ముందు వచ్చింది. ఆ మర్నాడు మరో నాలుగు. వారం రోజులు అంతే. వారం చివర లెక్చరర్ గారు లక్ష్మమ్మకు, ఎద్దులకు కూడా దండం పెట్టారు. ప్రొఫెసరు గారికి రమ్మని తంతి ఇచ్చారు.

ఆదివారం

ప్రొఫెసరు గారు చలపతి గారితో కలిసి నంద్యాల నుంచి పొద్దున బస్సులో దిగారు. తెలుగువారే. చాలా ఏళ్లు ఉత్తరాదిన ఉండటం వల్ల మాట పొదుపు. భోజనమయ్యాక వల చూశారు, అతుకులు చూశారు, వారం రోజుల గుట్టలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూశారు. తల ఊపారు. లెక్చరర్ గారి చొక్కా వీపున తడిసిపోయి ఉంది.

వేళ అయింది. ముల్లు కదిలింది. మెల్లగా లేస్తోంది.

"వస్తోందండీ" అన్నారు లెక్చరర్ గారు.

ముల్లు పైకి చేరి నిలిచింది. ప్రొఫెసరు గారు ఫోన్లు పెట్టుకున్నారు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. సరిగ్గా అప్పుడే ముల్లు ధబాలున కింద పడింది.

లెక్చరర్ గారు బ్యాటరీ తీగలు పట్టుకున్నారు. అవి గట్టిగానే ఉన్నాయి. బయట రోడ్డు మీద ఎవరో అరుస్తున్నారు.

"హుసేనన్నా! బండి ఆగిపాయ! కుక్క తర్వాత, ముందు ఈడికి రా!"

కొట్టం వాకిట్లో ఫోన్ల కోసం వరుసలో నిలబడిన జనం నుంచి ఖాకీ చొక్కా ఒకటి బయటికి పరుగెత్తింది. బస్సు డ్రైవర్ హుసేనప్ప.

"ఐలెసా!" అని బయట కేక. లోపల ముల్లు ఎగిరింది.

"ఆగిపాయరా!" ముల్లు పడింది.

"ఇంకొక్కసారి తోయండప్పా, ఐలెసా!" ముల్లు ఎగిరింది, తడబడింది, పడింది.

లెక్చరర్ గారి పెన్సిలు అలవాటుగా అన్నిటినీ కాగితం మీద గీస్తూనే ఉంది. ప్రొఫెసరు గారు ఫోన్లు తీసి మెల్లగా అడిగారు. "విశ్వనాథం, మీ గెలాక్సీని తోయడానికి ఎంతమంది కావాలి?"

"బస్సు కాదండీ! అది ఆరింటికి కదండీ!"

"ఆరా?" అన్నాడు సుబ్బారెడ్డి. "ఎవరు చెప్పినారు?"

"బోర్డు మీద ఉందండీ."

జనమంతా ఒక్కసారి నవ్వారు. "బోర్డు చూసి బస్సెక్కుతారా సామీ? హారను ఇనపడితే ఉరికొచ్చి ఎక్కుతారు గానీ!"

మేము మాత్రం తక్కువ తిన్నామా? ఆ బస్సు రోజూ కొట్టం వెనకే ఆగేది. పక్క పల్లెల జనం తట్టలతో వచ్చేదాకా అర్ధగంట నిలిచేది. ఇంజను ఆపితే మళ్లీ స్టార్టు కాదని ఆపేవాళ్లు కారు. పెట్రోలు ఇంజను ప్లగ్గుల నిప్పురవ్వ రేడియోలో టకటకమంటుందని నాకు తెలుసు. బస్సు చప్పుడు రోజూ విన్నాను కూడా. రోజూ వినే చప్పుడు ఎవరి చెవికీ ఆనదు.

చలపతి గారు మాత్రం అసలు ముడి పట్టుకున్నారు. "హుసేనప్పా, బస్సు దినామూ ముందుకు ఎందుకు జరుగుతాంది?"

చెమట తుడుచుకుంటూ వచ్చిన హుసేనప్ప చెప్పాడు. "స్టాండులో టైము చూసే గంగన్న గడియారం జోరుగా పోతాది సామీ. నేను దాన్ని చూసే బండి తీస్తా. అమాసకు బండి కడిగి పూజ చేసేనాడు గంగన్న సరిజేస్తాడు. మళ్లీ అమాసదాకా దాని ఇష్టం."

"దినానికి ఎంత జోరు?"

"ఎంతో ల్యా సామీ. నాలుగు నిమిషాలు."

లెక్చరర్ గారు బ్యాటరీ పెట్టె మీద కూలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. లక్ష్మమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కాసేపటికి ఆయన రిసీవరు తీగ పీకడానికి చేయి చాపారు. చలపతి గారు ఆ చేయి పట్టుకున్నారు. పట్టుకున్న చేతికి మాత్రం ఏ నొప్పీ లేదు.

"ఉండప్పా. దగ్గరి దొంగ సచ్చినాడు. ఇప్పుడు సూడు, దూరపోడు ఉన్నాడేమో."

చూశాం. బస్సు చచ్చినా ముల్లు పూర్తిగా అడుగుకు రాలేదు. ముల్లు మందమంత ఎత్తున నిలిచి ఉంది. ప్రొఫెసరు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. సుబ్బారెడ్డి బయటికి వెళ్లి, "ఎవడన్నా కదిలితే కాళ్లు ఇరగ్గొడతా" అని జనాన్ని చేనిలో కూర్చోబెట్టాడు. నేను ముల్లు చదువుతూ పోయాను. పొద్దు వాలేదాకా అది దిగింది. ఎగరలేదు, తడబడలేదు. బరువైన మనిషి మెట్లు దిగినట్లు నిదానంగా అడుగుకు చేరింది. ఫోన్లలో టకటక లేదు. ఒట్టి బుస్.

ముల్లు పైకెక్కడం బస్సు రొదలో కలిసిపోయింది. దిగడం మాత్రమే దక్కింది.

"సగం హంస" అన్నారు ప్రొఫెసరు గారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బస్సు కదలలేదు కాబట్టి అందరం సుబ్బారెడ్డి ఇంట్లోనే తిని పడుకున్నాం. లెక్చరర్ గారు మాత్రం తినలేదు.

మర్నాడు ఉదయం

చలపతి గారు పొద్దున్నే ఒక రేడియో చంకన పెట్టుకుని బస్సు స్టాండుకు వెళ్లి, రేడియో టైము వినిపించి గంగన్న గడియారాన్ని సరిచేశారు. ఆయన ఇష్టంగా చేసిన పని నేను చూసింది అదే.

బస్సు స్టార్టు కాలేదు. దిగువకు దొర్లిస్తే ఇంజను అందుకుంటుందని, ఏటవాలు దాకా లాగడానికి సుబ్బారెడ్డి ఎద్దులను కట్టారు. ప్రొఫెసరు గారు కిటికీ పక్కన కూర్చున్నారు. లెక్చరర్ గారు కింద గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

సుబ్బారెడ్డే అడిగాడు. "సామీ, మా లెక్చరర్ను తీసుకుంటాండావా, ల్యాదా? ఒక మాట చెప్పి పో."

ప్రొఫెసరు గారు జేబులోంచి కాగితం తీసి విప్పారు. ఐలెసా గుట్టలన్నీ, వాటి తర్వాత ఆ నిదానమైన దిగుడూ వరసగా ఉన్నాయి. వాటిని వేలితో తడిమారు.

"దీన్ని నా గదిలో గోడకు తగిలిస్తాను. దీని కింద కూర్చునే మనిషి మళ్లీ బోర్డును నమ్మకూడదు. విశ్వనాథం, ఎక్కండి."

లెక్చరర్ గారు ఎక్కబోయి, వెనక్కి వచ్చి ఎద్దుల దగ్గర ఆగారు. "వస్తానండీ" అని చెప్పి ఎక్కారు. లక్ష్మమ్మ వల మీద చీర ఆరేయడం మొదలుపెట్టింది. కండక్టర్ విజిల్ ఊదాడు. ఎద్దులు కదిలాయి.

గంగన్న పరుగెత్తుకుంటూ వచ్చి, చలపతి గారి చేతిగడియారం చూసి, నోరు తెరిచాడు. సరిగ్గా ఎనిమిది. ఆళ్లగడ్డ బస్సు బోర్డు మీద రాసిన టైముకు కదలడం మా ఎవరికీ అంతకు ముందు తెలియదు.